మార్మన్ల ఓటు: మతానికా, పార్టీకా?

సంఖ్యలో తక్కువగా ఉండి, ఒకేచోట కలిసి బ్రతికే సమూహం ఏదైనా సరే, ఎన్నికలు రాగానే దాని మీద ఒక మాట పడుతుంది. "వాళ్లంతా కట్టగట్టుకుని తమవాడికే వేస్తారు" అన్నదే ఆ మాట. అమెరికాలో ఈ మాటను సుమారు 180 ఏళ్లుగా మోస్తున్నవారు మార్మన్లు. ఒకప్పుడు ఈ అనుమానం వారికి ఇళ్లు, పొలాలు పోగొట్టింది. వారి మతస్థాపకుని హత్యకు దారితీసిన వైరాల్లో ఒకటిగా నిలిచింది. ఎన్నికైన ప్రతినిధిని చట్టసభ గుమ్మం దగ్గరే నిలిపివేసిన సందర్భాలలోనూ దీని నీడ ఉంది. ఇంతకూ ఆ మాటలో నిజమెంత? మార్మన్ ఓటర్లు తమ మతానికి చెందిన అభ్యర్థినే ఎంచుకుంటారా? చరిత్రను, ఎన్నికల ఫలితాలను కలిపి చూస్తే లభించే సమాధానం అంత సూటిగా ఉండదు.

మార్మన్లు ఎవరు?

1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన క్రైస్తవ శాఖ ఇది. బైబిలుతోపాటు 'మార్మన్ గ్రంథం' కూడా వీరికి పవిత్ర గ్రంథం. అందువల్లనే ఈ పేరు వచ్చింది. తమను పూర్తి పేరుతోనే పిలవాలని 2018లో ఈ సంఘం అధ్యక్షుడు కోరాడు. అయినప్పటికీ లోకంలో ఎక్కువగా వాడుకలో ఉన్నది 'మార్మన్' అన్న పేరే కనుక ఇక్కడ దానినే వాడటం జరిగింది.

ప్రపంచవ్యాప్తంగా ఈ సంఘంలో కోటి డెబ్బై లక్షల మందికి పైగా సభ్యులు ఉన్నారు. అమెరికా జనాభాలో వీరి వాటా సుమారు 2 శాతం మాత్రమే. అయితే పశ్చిమాన ఉన్న యూటా రాష్ట్రంలో వీరిదే పెద్ద సంఖ్య. పొరుగున ఉన్న ఐడహో, అరిజోనా, నెవాడా రాష్ట్రాలలోనూ వీరు గణనీయంగా ఉన్నారు. తెలుగువారికి ఈ సంఘం పూర్తిగా కొత్తది కాదు. భారతదేశంలో వీరి మొదటి ప్రాంతీయ విభాగం 2012లో హైదరాబాదులో ఏర్పడింది. బెంగళూరులో దేవాలయం నిర్మిస్తామని 2018లో ప్రకటించారు.

ఆత్మరక్షణ కోసం గంపగుత్త ఓటు

తొలినాళ్లలో మార్మన్లు ఎక్కడ స్థిరపడినా పొరుగువారితో ఘర్షణ తప్పలేదు. వారు వందలు, వేలుగా ఒకేచోటికి వచ్చి చేరేవారు. భూములు కలిసి కొనేవారు, ఓటు కూడా కలిసే వేసేవారు. వారు వచ్చిన రెండు మూడేళ్లకే ఆ జిల్లాలో అధికారం ఎవరిదన్న ప్రశ్న పాత నివాసులను కలవరపెట్టేది.

1838 ఆగస్టు 6న మిస్సోరి రాష్ట్రంలోని గాలటిన్ ఊరిలో పోలింగు జరుగుతుండగా, మార్మన్లను ఓటు వేయనివ్వబోమని కొందరు అడ్డుపడ్డారు. కర్రలతో కొట్లాట జరిగింది. అది ఆ శరత్కాలమంతా సాగిన హింసకు నాంది అయింది. అక్టోబరు 27న ఆ రాష్ట్ర గవర్నరు లిల్‌బర్న్ బాగ్స్, మార్మన్లను నిర్మూలించాలి లేదా రాష్ట్రం నుంచి వెళ్లగొట్టాలి అని ఉత్తరువు జారీ చేశాడు. మూడు రోజుల తర్వాత హాన్స్ మిల్ అనే చోట సాయుధ మూక 17 మందిని చంపింది. వేలాది కుటుంబాలు ఇళ్లు విడిచి వెళ్లాయి. ఆ ఉత్తరువును మిస్సోరి ప్రభుత్వం లాంఛనంగా రద్దు చేసింది 1976లో మాత్రమే.

అక్కడినుంచి వారు పొరుగున ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రానికి వెళ్లి నావూ అనే పట్టణం కట్టుకున్నారు. అక్కడ వారి ఓట్లే ఫలితాన్ని తేల్చే స్థితి వచ్చింది. 1843 ఆగస్టులో జరిగిన పార్లమెంటు ఎన్నికలో సైరస్ వాకర్ అనే అభ్యర్థికి తన సొంత ఓటు వేస్తానని జోసెఫ్ స్మిత్ మాట ఇచ్చాడు. పోలింగు దగ్గరపడిన తరుణంలో ఆయన అన్న హైరమ్, దైవాదేశం జోసెఫ్ హోజ్ అనే మరో అభ్యర్థి వైపు ఉన్నదని ప్రకటించాడు. నావూ ఓట్లలో అత్యధిక భాగం అటు మళ్లాయి. హోజ్ గెలిచాడు. ఓడిన పక్షం దానిని మరచిపోలేదు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. వాకర్ గాని, హోజ్ గాని మార్మన్లు కారు. ఆనాటి గంపగుత్త ఓటు తమ మతస్థుణ్ణి గెలిపించడానికి వేసినది కాదు, తమకు రక్షణ ఇవ్వగలవాడెవరో చూసి వేసినది.

ఆ రక్షణ దొరకదని తేలిన తర్వాతనే సొంత అభ్యర్థి ఆలోచన వచ్చింది. దేశాధ్యక్ష పదవి ఆశిస్తున్న ఐదుగురికి జోసెఫ్ స్మిత్ ఉత్తరాలు రాశాడు. మిస్సోరిలో నష్టపోయిన తమ ప్రజల విషయంలో మీ వైఖరి ఏమిటని ఆ ఉత్తరాల్లో అడిగాడు. తృప్తికరమైన జవాబు రాలేదు. 1844 ఆరంభంలో ఆయన తానే అభ్యర్థినని ప్రకటించుకున్నాడు. అయితే ఎన్నిక దాకా ఆయన బ్రతకలేదు. 1844 జూన్ 27న కార్తేజ్ జైలులో బందీగా ఉండగా మూక దాడి చేసి జోసెఫ్‌ను, హైరమ్‌ను కాల్చి చంపింది.

మత పార్టీని రద్దు చేసుకున్న వైనం

తర్వాత బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో మార్మన్లు వెయ్యికి పైగా మైళ్లు ప్రయాణించి 1847 జూలైలో సాల్ట్ లేక్ లోయకు చేరారు. నేటి యూటా రాష్ట్రానికి అదే పునాది. కొన్ని దశాబ్దాలపాటు అక్కడ మతాధికారానికి, రాజకీయాధికారానికి మధ్య తేడా దాదాపు లేదు. మార్మన్లది పీపుల్స్ పార్టీ, మార్మన్లు కానివారిది లిబరల్ పార్టీ. మతాన్ని బట్టే పార్టీ, పార్టీని బట్టే ఓటు.

అదే కాలంలో బహుభార్యత్వం విషయమై వారిపై కేంద్ర ప్రభుత్వ చట్టాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1870లోనే లభించిన ఓటు హక్కును యూటా స్త్రీలు 1887 చట్టంతో కోల్పోయారు. ఐడహోలో మార్మన్ సంఘంలో సభ్యులం కాదని ప్రమాణం చేస్తేనే ఓటు అన్నారు. ఆ నిబంధనను 1890లో దేశ సుప్రీంకోర్టు కూడా సమర్థించింది.

1890లో సంఘాధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ బహుభార్య వివాహాలకు స్వస్తి పలుకుతూ ప్రకటన చేశాడు. మరుసటి ఏడాది పీపుల్స్ పార్టీ తనను తాను రద్దు చేసుకుంది. తమవారు దేశంలోని రెండు పెద్ద పార్టీల్లోనూ చేరాలని నాయకులు ప్రోత్సహించారు. అందరూ ఒకే పార్టీలో ఉంటే రాష్ట్ర హోదా రాదన్న సంగతి వారికి తెలుసు. 1896 జనవరి 4న యూటా 45వ రాష్ట్రంగా అవతరించింది.

ఆ ఏడాది జరిగిన ఎన్నికలోనే ఒక వింత చోటుచేసుకుంది. రాష్ట్ర శాసనసభ ఎగువ సభకు డెమొక్రాట్ అభ్యర్థిగా డాక్టర్ మార్తా హ్యూస్ కానన్ నిలిచింది. అదే సభకు రిపబ్లికన్ అభ్యర్థుల్లో ఆమె భర్త ఏంగస్ కానన్ ఒకడు. భార్య గెలిచింది, భర్త ఓడాడు. దేశంలోనే రాష్ట్ర సెనేటుకు ఎన్నికైన మొదటి మహిళ ఆమె. ఒకే మతం, ఒకే కుటుంబం అయినా ఓటరు చూసినది పార్టీనే.

అపొస్తలుడు కూడా ఓడిన ఎన్నిక

మార్మన్ సంఘంలో అధ్యక్ష మండలి తర్వాత అత్యున్నత స్థానం పన్నెండుమంది అపొస్తలులది. అటువంటి అపొస్తలుడైన రీడ్ స్మూట్‌ను 1903లో యూటా శాసనసభ దేశ సెనేటుకు ఎన్నుకుంది. మన రాజ్యసభ సభ్యులను రాష్ట్ర శాసనసభలు ఎన్నుకున్నట్లే ఆనాడు అక్కడా జరిగేది. ఇతడు చర్చి చెప్పినట్లే నడుచుకుంటాడు కదా అని దేశమంతటా అభ్యంతరాలు లేచాయి. 1904 నుంచి విచారణ సాగింది. 1907లో గాని ఆయన స్థానం ఖాయం కాలేదు. అంతకు ముందు 1898లో ప్రతినిధుల సభకు ఎన్నికైన బి.హెచ్. రాబర్ట్స్‌కు బహుభార్యత్వం కారణంగా ఆ సభ స్థానమే ఇవ్వలేదు.

స్మూట్ దాదాపు 30 ఏళ్లు సెనేటులో ఉన్నాడు. ఆర్థిక మాంద్యం వచ్చింది. ఆయన పేరుతోనే ప్రసిద్ధమైన 1930 నాటి దిగుమతి సుంకాల చట్టం విమర్శలపాలైంది. 1932లో ఎల్బర్ట్ థామస్ అనే ప్రొఫెసర్ చేతిలో ఆయన ఓడిపోయాడు. థామస్ కూడా మార్మనే. అంటే మార్మన్లు అధికంగా ఉన్న రాష్ట్రంలో ఓటర్లు ఒక అపొస్తలుణ్ణి పక్కనపెట్టి ఒక సాధారణ సభ్యుణ్ణి ఎన్నుకున్నారు.

అంతటితో ఆగలేదు. అప్పటి సంఘాధ్యక్షుడు హీబర్ గ్రాంట్‌కు దేశాధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ విధానాలంటే గిట్టదు. 1936లో చర్చి పత్రిక రూజ్‌వెల్ట్‌కు వ్యతిరేకంగా రాసింది. అయినా యూటాలో రూజ్‌వెల్ట్‌కు 69 శాతం ఓట్లు వచ్చాయి. 1932 నుంచి 1944 దాకా జరిగిన నాలుగు ఎన్నికల్లోనూ ఆ రాష్ట్రం ఆయననే గెలిపించింది. మద్యాన్ని నిషేధించే మతమైనప్పటికీ, దేశంలో మద్యనిషేధం రద్దు కావడానికి అవసరమైన 36వ రాష్ట్రపు ఆమోదం 1933 డిసెంబరు 5న వచ్చినది యూటా నుంచే. గ్రాంట్ వద్దన్నా అది ఆగలేదు.

అన్యమతస్థులైన గవర్నర్లు

అమెరికాలో గవర్నరు అంటే మన ముఖ్యమంత్రి వంటి పదవి. ప్రజలు నేరుగా ఎన్నుకుంటారు. 1916లో యూటా ప్రజలు సైమన్ బాంబర్గర్ అనే యూదుణ్ణి గవర్నరుగా ఎన్నుకున్నారు. ఆయనతో పోటీపడి ఓడిన నెఫై మోరిస్ మార్మన్. 1924లో పదవిలో ఉన్న మార్మన్ గవర్నరు చార్లెస్ మేబీని ఓడించిన జార్జ్ డెర్న్ మార్మన్ కాడు. 1948లో మార్మన్ గవర్నరు హెర్బర్ట్ మాను ఓడించిన బ్రాకెన్ లీ కూడా మార్మన్ కాడు. మతమే ఓటును నిర్ణయించే పక్షంలో ఈ మూడు ఫలితాలూ రావడానికి వీలులేదు.

రోమ్నీ ఎన్నికలు చెప్పినది

ఇరవయ్యో శతాబ్దపు చివరి దశాబ్దాలలో మార్మన్లు క్రమంగా రిపబ్లికన్ పార్టీ వైపు జరిగారు. యూటాలో డెమొక్రాట్ అధ్యక్ష అభ్యర్థి చివరిసారి గెలిచింది 1964లో, లిండన్ జాన్సన్ హయాంలో. ప్యూ పరిశోధన సంస్థ 2014 సర్వేలో మార్మన్లలో 70 శాతం మంది రిపబ్లికన్ పార్టీని లేదా దాని వైపు మొగ్గును, 19 శాతం మంది డెమొక్రాట్ల వైపును తెలిపారు.

ఈ స్థితిలో మార్మన్ అయిన మిట్ రోమ్నీ అధ్యక్ష పదవికి పోటీపడటంతో అసలు ప్రశ్నకు మంచి పరీక్ష ఎదురైంది. ఆయన పోటీని రెండు దశలుగా విడదీసి చూడాలి.

మొదటిది, పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే దశ. అక్కడ ఒకే పార్టీకి చెందినవారు పోటీపడతారు కనుక పార్టీ ప్రభావం ఉండదు. 2008 ఫిబ్రవరిలో యూటా రిపబ్లికన్ ఎంపికలో రోమ్నీకి సుమారు 89 శాతం ఓట్లు వచ్చాయి. చివరకు పార్టీ అభ్యర్థి అయిన జాన్ మెకైన్ అక్కడ ఎంతో వెనుకబడిపోయాడు. అదే ఏడాది జనవరిలో నెవాడాలో ఎంపిక సభలకు వచ్చిన రిపబ్లికన్లలో దాదాపు నాలుగోవంతు మార్మన్లు. వారిలో పదింట తొమ్మిది మందికి పైగా రోమ్నీ వైపే నిలిచారు. ఈ దశలో మతానుబంధం స్పష్టంగా, బలంగా కనబడింది.

రెండవది, రెండు పార్టీల మధ్య జరిగే తుది ఎన్నిక. 2004లో మార్మన్ కాని జార్జ్ బుష్‌కు పోలింగు కేంద్రాల సర్వేల ప్రకారం మార్మన్ ఓటర్లలో 80 శాతం మంది ఓటువేశారు. 2012లో సాక్షాత్తూ తమ మతస్థుడైన రోమ్నీకి వేసినవారు 78 శాతం. యూటా రాష్ట్రం మొత్తం మీద బుష్‌కు 71.5 శాతం, రోమ్నీకి 72.8 శాతం. తుది ఎన్నికలో మతబంధం కలిపి ఇచ్చిన అదనపు ఓట్లు నామమాత్రమే. 2012లో రోమ్నీని గట్టిగా వ్యతిరేకించిన డెమొక్రాట్ సెనేట్ నాయకుడు, నెవాడా సెనేటరు హ్యారీ రీడ్ కూడా మార్మనే.

నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. మార్మన్ అభ్యర్థికి ఓటు వేయబోమని గ్యాలప్ సర్వేల్లో చెప్పిన అమెరికన్లు 1967లో 17 శాతం, 2012లో 18 శాతం. 45 ఏళ్లలో ఈ సంఖ్య కదలలేదు. మతాన్ని చూసి ఓటు వేయడం గురించి మార్మన్లను అడిగినంతగా, మతాన్ని చూసి ఓటు నిరాకరించడం గురించి ఇతరులను అడగలేదు.

2016: విడిపోయిన ఓటు

2016లో పరిస్థితి తారుమారైంది. రిపబ్లికన్ అభ్యర్థి డొనాల్డ్ ట్రంప్ మాటతీరు, నడవడి చాలామంది మార్మన్లకు నచ్చలేదు. ముస్లింలను దేశంలోకి రానివ్వరాదని 2015 డిసెంబరులో ఆయన అన్న మరుసటి రోజే, మతస్వేచ్ఛ అందరికీ ఉండాలని చర్చి ఒక ప్రకటన చేసింది. ఒకనాడు ఉత్తరువు మీద వెళ్లగొట్టబడిన సమూహానికి ఆ మాట ఎందుకు తగిలిందో ఊహించడం కష్టం కాదు.

ఆగస్టులో ఇవాన్ మెక్‌మలిన్ అనే మార్మన్ స్వతంత్ర అభ్యర్థిగా రంగంలోకి దిగాడు. నవంబరులో యూటా ఫలితం ఇలా వచ్చింది: ట్రంప్‌కు 45.5 శాతం, హిల్లరీ క్లింటన్‌కు 27.5 శాతం, మెక్‌మలిన్‌కు 21.5 శాతం. ఐడహోలో మెక్‌మలిన్‌కు వచ్చినది 6.7 శాతం మాత్రమే.

దీనిని రెండు విధాలా చదవవచ్చు. ఎవరికీ పెద్దగా తెలియని వ్యక్తి, మూడు నెలల ప్రచారంతో ఒక రాష్ట్రంలో ఐదోవంతు ఓట్లు తెచ్చుకోవడం చిన్న విషయం కాదు. మతానుబంధం లేకుంటే అది సాధ్యమయ్యేది కాదు. అయితే, నచ్చని అభ్యర్థి ఒకవైపు, తమ మతస్థుడు మరొకవైపు ఉన్నా ఎక్కువమంది పార్టీనే ఎంచుకున్నారు. 2020లో ట్రంప్ యూటా వాటా 58 శాతానికి, 2024లో 59 శాతానికి పెరిగింది. అయినప్పటికీ రోమ్నీ, బుష్‌ల అంకెను ఆయన మూడుసార్లలోనూ అందుకోలేదు.

ఇద్దరూ మార్మన్లే అయినప్పుడు

యూటాలో పెక్కు ఎన్నికల్లో ఈ ప్రశ్నే తలెత్తదు. అభ్యర్థులిద్దరూ మార్మన్లే అయి ఉంటారు. 1976లో మూడుసార్లు గెలిచిన డెమొక్రాట్ సెనేటరు ఫ్రాంక్ మాస్‌ను ఓడించిన ఆరిన్ హాచ్, 2012లో మియా లవ్‌పై 768 ఓట్లతో గట్టెక్కిన జిమ్ మాథెసన్, 2018లో మియా లవ్‌ను ఏడువందల లోపు ఓట్ల తేడాతో ఓడించిన బెన్ మెక్ఆడమ్స్ ఇందుకు ఉదాహరణలు. ఈ పోటీలన్నిటిలో గెలిచినవారు, ఓడినవారు ఒకే మతస్థులు. 2022లో మెక్‌మలిన్ మళ్లీ నిలిచి, తన మతస్థుడే అయిన సెనేటరు మైక్ లీ చేతిలో సుమారు 53–43 శాతం తేడాతో ఓడాడు.

అరిజోనాలో జరిగినది మరింత ఆలోచింపజేస్తుంది. వలస వచ్చినవారిపై కఠిన చట్టం తెచ్చిన రాష్ట్ర సెనేటు అధ్యక్షుడు రసెల్ పియర్స్ మార్మన్. 2011లో మార్మన్లు ఎక్కువగా ఉన్న మేసా ప్రాంతపు ఓటర్లు ఆయన్ను గడువు ముగియకముందే పదవి నుంచి దించి, జెర్రీ లూయిస్ అనే మరో మార్మన్‌ను ఎన్నుకున్నారు. వలస కుటుంబాల పట్ల కరుణ ముఖ్యమా, చట్టం ముఖ్యమా అన్న వాదం అక్కడ ఒకే మతస్థుల మధ్య జరిగింది.

చర్చి వైఖరి

తాము ఏ పార్టీనీ, ఏ అభ్యర్థినీ బలపరచబోమని చర్చి ప్రకటిస్తూ వస్తోంది. ప్రార్థనా మందిరాలను ప్రచారానికి వాడకూడదన్నది నియమం. 2023లో అధ్యక్ష మండలి ఒక లేఖలో, అభ్యర్థులను పరిశీలించకుండా అలవాటు కొద్దీ ఒకే పార్టీకి ఓటు వేయడం ప్రజాస్వామ్యానికి హానికరమని సభ్యులను హెచ్చరించింది. అయితే నైతిక ప్రశ్నలుగా తాను భావించిన వాటిలో చర్చి మౌనంగా ఉండలేదు. 1970లలో స్త్రీ పురుష సమాన హక్కుల రాజ్యాంగ సవరణను, 1981లో యూటా, నెవాడాలలో ఎం.ఎక్స్. క్షిపణుల ఏర్పాటును వ్యతిరేకించింది. 2008లో కాలిఫోర్నియాలో స్వలింగ వివాహాలను నిలిపివేసే ప్రతిపాదనకు మద్దతిచ్చింది.

సారాంశం

ఈ చరిత్రలో మూడు విషయాలు తేటపడుతున్నాయి. ఒకే పార్టీలోని పలువురి నుంచి ఒకరిని ఎంచుకోవలసి వచ్చినప్పుడు మార్మన్ ఓటరుకు తన మతస్థుడు దగ్గరివాడిగా కనబడతాడు. రెండు పార్టీలు ఎదురెదురుగా నిలిచినప్పుడు ఆ దగ్గరితనం కంటే పార్టీయే బలమైనది. ఇద్దరూ తనవారే అయినప్పుడు మతం లెక్కలోంచే తొలగి, పార్టీ, విధానం, వ్యక్తి గుణం మిగులుతాయి.

నావూలో కట్టగట్టిన ఓటు, ప్రాణభయంతో ఉన్నవారి ఓటు. మానం, ప్రాణం, ఆస్తి భద్రమని నమ్మకం కుదిరిన తర్వాత అదే సమూహపు ఓటు రెండు పార్టీలుగా చీలింది. వెళ్లగొట్టబడిన తరం మనవలు తమ సొంత అపొస్తలుణ్ణే ఓడించగలిగారు. "వాళ్లంతా తమవాడికే వేస్తారు" అన్న మాట వినబడినప్పుడు, అలా వేయవలసిన అవసరం వారికి ఎవరు కల్పించారని కూడా అడగవలసి ఉంటుంది.